నమూనా నంబరు 418: రుబ్బురోలు

మా ఆఫీసులో లైకెన్లు ఉంటాయి. లైకెన్ అంటే ఏమిటని అడగని బంధువు నాకు ఇంతవరకు దొరకలేదు కాబట్టి ముందే చెప్పేస్తాను. రాళ్ళ మీద, చెట్ల బెరడు మీద బూడిదరంగులోనో పసుపుగానో మచ్చలు మచ్చలుగా అంటుకుని ఉంటుంది చూశారూ, మీరు పాచి అనుకుని దాటిపోతారే, అదే. ఒక బూజూ ఒక నాచూ కలిసి కాపురం పెడితే లైకెన్. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా ఈ జాతిదే. ఈ సంగతి చెప్పాక మా అత్తగారు బిర్యానీ తినడం మానేశారు తప్ప నా ఉద్యోగాన్ని గౌరవించడం మొదలుపెట్టలేదు.

మబ్బులమెట్ట కొండ మీద, ఘాట్ రోడ్డు అయిపోయాక కుడివైపు కనిపించే పెంకుల భవనం మా హెర్బేరియం. హెర్బేరియం అంటే మొక్కల్నీ లైకెన్లనీ ఎండబెట్టి, చీటీ రాసి, వందేళ్ళు దాచే చోటు. నేను అక్కడ పంతొమ్మిదేళ్ళుగా టెక్నికల్ అసిస్టెంటుని. పేరు తవిటినాయుడు. పని తేలిక. భూతద్దం పట్టుకుని కొండంతా తిరగాలి. మచ్చ కనబడితే ముందు నోటుబుక్కులో రాసుకోవాలి, ఎక్కడ, ఎంత ఎత్తులో, దేని మీద, ఏ తేదీన అని. తరవాత ఉలీ సుత్తీ తీసి, ఆ మచ్చని గోరంత రాతిపెచ్చుతో సహా చెక్కి, ఖాకీ కాగితంలో పొట్లం కట్టి నంబరు వెయ్యాలి. పంతొమ్మిదేళ్ళలో నేను చెక్కినవన్నీ కలిపినా మూడు బీరువాలు దాటలేదు.

అప్పుడు విరూపాక్షరావు గారు డైరెక్టరుగా వచ్చారు.

ఆయన అంతకుముందు దస్తావేజుల రిజిస్ట్రేషన్ వైపు పని చేశారు. లైకెన్ల గురించి ఆయనకేమీ తెలియదు, తెలియదని దాచుకోలేదు కూడా. అది ఆయనలో మంచి గుణం. కాగితమంటే మాత్రం ప్రాణం. వచ్చిన రోజే నా పొట్లం ఒకటి విప్పి, లోపలి పెచ్చుని వెలుతురుకి పట్టుకుని చూశారు.

"ఈ అంచు ఇలా విరిగిందేమిటి?"

"చెక్కాను కదండీ. మచ్చ వరకే తెస్తాం."

"మిగతా భాగం?"

"కొండ మీదే ఉందండి."

ఆయన కళ్ళజోడు తీసేశారు. "తవిటినాయుడు గారూ, ముప్పయ్యేళ్ళ సర్వీసులో నేను అంచు చిరిగిన దస్తావేజుని ఒక్కదాన్ని రిజిస్టరు చెయ్యలేదు. మీరిక్కడ మూడు బీరువాల నిండా చిరిగిన దస్తావేజులే పెట్టుకు కూర్చున్నారా?"

మర్నాడు వరండాలోని నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై ఏ నమూనానైనను అది అంటిపెట్టుకుని ఉన్న ఆధార వస్తువు నుండి వేరుచేయుట, చెక్కుట, గీకుట, పెచ్చులూడదీయుట నిషేధింపబడినది. నమూనాను ఆధార వస్తువుతో సహా యథాతథముగా, సంపూర్ణముగా దాఖలుపరచి హెర్బేరియమునందే ఉంచవలెను. నోటుబుక్కులో నమోదైన ప్రతి నమూనా దాఖలు కావలసినదే. మినహాయింపులు లేవు."

నాలుగు మూలలా నాలుగు ఇత్తడి పిన్నులు ఆయనే స్వయంగా గుచ్చారు. పక్కన నిలబడ్డ సూపరింటెండెంటు మాణిక్యాంబ గారు చేతిగడియారం చూసి టైము రాసుకున్నారు. ఆఫీసు మాన్యువల్ ఆవిడ దగ్గరే ఉంటుంది. అందులో తొమ్మిదో నియమం ప్రకారం ఏ సర్క్యులరైనా నోటీసు బోర్డు ఎక్కిన నిమిషం నుంచి అమల్లోకి వస్తుంది, బోర్డు మీద జనానికి కనబడుతున్నంతసేపే అమల్లో ఉంటుంది. ఆవిడ ఆ నియమం చదివి వినిపిస్తే డైరెక్టరు గారు మురిసిపోయారు. "పద్ధతంటే ఇదీ" అన్నారు.

మొదటి వారం ఇబ్బంది లేదు. గులకరాళ్ళు, ఎండుకొమ్మలు తెచ్చాను. రెండో వారం ఒక పనసచెట్టు బెరడు మీద వెండిరంగు మచ్చ దొరికితే అలవాటు కొద్దీ నోటుబుక్కులో రాశాను. డైరెక్టరు గారు ప్రతి సోమవారం నా నోటుబుక్కు తెప్పించుకుని ఎర్రసిరా పెన్నుతో చూస్తారు.

"బెరడు దేనికి అంటిపెట్టుకుని ఉంది?"

"చెట్టుకండి."

"మరి చెట్టేదీ?"

చెట్టు వచ్చింది. దాంతో పాటు ఎర్రచీమలూ వచ్చాయి. చీమల్ని వేరుచెయ్యవచ్చునా అని నేను లిఖితపూర్వకంగా అడిగితే, "చీమలు స్వచ్ఛందంగా నిష్క్రమించిన పక్షంలో అభ్యంతరము లేదు" అని జవాబు వచ్చింది. అవి నిష్క్రమించలేదు. స్టోర్సు సెక్షన్ నిష్క్రమించింది.

తరవాత కిలోమీటరు రాయి. ఘాట్ రోడ్డు మీద 'మబ్బులమెట్ట 6' అని రాసి ఉండేది, దాని నెత్తిన మంచి బూడిదరంగు లైకెన్ పట్టింది. దాన్ని పీకి మా హాల్లో పెట్టాక లారీ డ్రైవర్లకి దూరం తెలియక, మా ఆఫీసుకొచ్చి రాయి చూసి వెళ్ళడం మొదలుపెట్టారు. ఊళ్ళోనే నిలబడి, ఊరింకా ఆరు కిలోమీటర్లుందని చదువుకుని, ఆ ఆరు కిలోమీటర్లూ నమ్మకంగా ముందుకు పోయేవారు.

ఆపైన బస్టాపులో సిమెంటు బెంచీ. దాని మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, బస్సొచ్చేదాకా లేవనన్నాడు. బెంచీని యథాతథంగా తేవాలి కాబట్టి ఆయనతో సహా తెచ్చాం. నోటుబుక్కులో ఆయన వివరాలు నమోదు కాలేదని మాణిక్యాంబ గారు తేల్చాక సాయంత్రం వదిలేశాం. బెంచీ పొట్లం కట్టడానికి నలభై రెండు ఖాకీ కాగితాలు పట్టాయి. పురుగు చావడానికి ప్రతి నమూనానీ మూడు రోజులు ఫ్రీజర్లో ఉంచడం మా ఆనవాయితీ. కిలోమీటరు రాయి ఫ్రీజర్లో ఉన్న మూడు రోజులూ తలుపు మూసుకోక, మా అటెండరు దానికి వీపు ఆనించి కూర్చునే భోంచేశాడు.

ఇంతవరకు నేను నవ్వుకున్నాననే చెప్పాలి. నా తప్పు ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

ఘాట్ రోడ్డు చివరి మలుపులో సన్యాసమ్మ గారెల పాక ఉంది. పొద్దున్న ఆరు గంటల బస్సు అక్కడ పది నిమిషాలు ఆగుతుంది. టైంటేబుల్లో ఆ ఊసే ఉండదు, గారెలు బాగుంటాయి కాబట్టి ఆగుతుంది. ఆవిడ రుబ్బురోలు అత్తగారి హయాం నాటిది. పాక బయట సగం భూమిలో పాతి ఉంటుంది. ఒకరోజు గారె కొరుకుతూ చూద్దును కదా, రోలు బయటి పక్కన కాషాయరంగు మచ్చ, బొటనవేలి గోరంత. భూతద్దం పెట్టాను. ఈ కొండల్లో నేను అంతవరకు చూడని రకం. పంతొమ్మిదేళ్ళ తరవాత కొత్తది కనబడితే మనిషి ఆగగలడా? గారె ఎడమ చేతిలోకి మార్చుకుని రాసేశాను.

సోమవారం ఎర్రసిరా పడింది. మంగళవారం రోలుని గునపాలతో తవ్వి, ట్రాక్టరులో తెచ్చి, 418 నంబరు వేశారు. పొత్రం మీద మచ్చ లేదు కాబట్టి పొత్రాన్ని అక్కడే వదిలేశారు.

గురువారం సన్యాసమ్మ ఆ పొత్రాన్ని చంకనెత్తుకుని కొండెక్కి వచ్చింది.

"ఏటి బాబూ ఇది? గారెలెట్టినందుకు నా రోలే పట్టించీసినావేటి?"

నేను బల్ల మీద పొట్లాలు సర్దడం మొదలుపెట్టాను.

"రోలట్టుకుపోయి పొత్రం ఒగ్గేసినారు. దీన్నేటి సేసుకోను? తలకింద ఎట్టుకుని తొంగోనా?" పొత్రాన్ని నా బల్ల మీద పెట్టింది. బల్ల కిర్రుమంది. "నిన్న మిక్సీలో యేసినాను. పిండి యేడెక్కిపోయి గారె సెప్పులాగ సాగిపోనాది. బస్సోలు ఒక్క ముక్క కొరికి ఒగ్గేసి ఎల్లిపోనారు. నాలుగు దినాలు ఇలగైతే బస్సు ఆగడం మానేస్తాది. బస్సాగకపోతే నాకు కూడెక్కడిది బాబూ?"

ఆవిణ్ణి డైరెక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అంతా ఓపిగ్గా విన్నారు.

"అమ్మా, మీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించబడినది. దాఖలైన నమూనా హెర్బేరియం ఆవరణ దాటదు. అయితే అర్హులైన పరిశోధకులు పనివేళలలో, ఇక్కడనే, నమూనాను సంప్రదించుకొనవచ్చును."

"సంప్రదించడమంటే ఏటి బాబూ?" అని నన్నడిగింది.

"ఇక్కడే రుబ్బుకోవచ్చని."

"పోనీ పీచెట్టి ఆ మచ్చ తోమీసెద్దునా?"

"అది నమూనా ధ్వంసము కిందికి వచ్చును. పోలీసు కేసగును" అన్నారు డైరెక్టరు గారు.

మాణిక్యాంబ గారు పరిశోధకుల దరఖాస్తు ఫారం తీశారు. "సంస్థ పేరు?"

"గారెల పాకండి."

"పరిశోధనాంశం?"

"మినపపప్పు" అన్నాను నేను.

"నమూనాపై ప్రయోగించదలచిన రసాయనాలు?"

"నీల్లూ ఉప్పూనండి."

"ఉప్పు మోతాదు?"

"సూసుకునేస్తాను తల్లీ."

'చూసుకుని' అని మాణిక్యాంబ గారు గళ్ళో రాసుకున్నారు. సన్యాసమ్మ వేలిముద్ర వేసింది. విజిటింగ్ రీసెర్చ్ స్కాలర్ అని మెడలో కార్డు తగిలించారు. లోపలైతే నేల తడుస్తుందని రోలుని వరండాలో, నోటీసు బోర్డుకి ఎదురుగా దింపించారు.

సమస్య తీరిందని ఆఫీసంతా అనుకుంది. కానీ మా హెర్బేరియం తెరిచేది పదిన్నరకి, బస్సొచ్చేది ఆరింటికి. ముందురోజు రుబ్బుకుని వెళ్ళమ్మా అంటే, తెల్లారేసరికి పిండి పులిసిపోద్దంది. రెండో శనివారం సెలవు, ఆదివారం సెలవు, పండగలు సరేసరి. సన్యాసమ్మ పదిన్నరకి సంతకం బదులు వేలిముద్ర వేసి, రుబ్బి, పన్నెండింటికి మా వరండా చివరే పొయ్యి పెట్టి గారెలు వేసేది. పదకొండుమంది సిబ్బందిమి కొనుక్కు తినేవాళ్ళం. "సంప్రదింపుల ఫలితాలు పంపించండి" అని డైరెక్టరు గారు లోపల్నుంచి కేక పెట్టేవారు. అల్లం చట్నీ కూడా ఫలితాల కిందే లెక్క.

రోలు తిరిగి ఇచ్చేద్దామని నేను మూడుసార్లు ఫైలు పెట్టాను. మూడుసార్లూ "నియమం అడ్డొస్తోంది" అన్నారాయన, మూతి తుడుచుకుంటూ. నియమం అడ్డొచ్చిందో గారె అడ్డొచ్చిందో నేను చెప్పలేను.

రెండు నెలలు గడిచేసరికి ఆరు గంటల బస్సు ఆ మలుపులో ఆగడం మానేసింది. ఆ సంగతి సన్యాసమ్మ చెప్పలేదు. నేనే ఒక పొద్దున్న అక్కడ నిలబడి చూశాను. బస్సు హారనైనా కొట్టకుండా దాటిపోయింది. రోలు తీసిన గోతిలో వాననీళ్ళు నిలిచాయి. ఆవిడ పాక గుమ్మంలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నా గారెలు అటెండరుకి ఇచ్చేశాను.

ఇంతలో డైరెక్టరు గారికి ఏడాది ముగిసేలోగా ఐదువందల నమూనాలు పూర్తి చెయ్యాలన్న పట్టుదల వచ్చింది. నాలుగువందల తొంభై తొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది. ఎందుకంటే అప్పటికి నన్ను చూస్తే చాలు, కొండ మీద జనం కొబ్బరిపీచు తీసి గడపలు, అరుగులు, గోడలు, కొందరైతే గేదెల్ని కూడా తోముకోవడం మొదలుపెట్టారు. భూతద్దం బయటికి తీస్తే పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు. కొండ అంత శుభ్రంగా ఎన్నడూ లేదు.

ఒక శుక్రవారం సన్యాసమ్మ పిండి తోడుతూ నన్ను పిలిచింది.

"బాబూ, ఆ పలక కింద మూల సూడు. నా రోలుకి పట్టిన తెగులే దానికీ పట్టినట్టుంది."

పలకంటే నోటీసు బోర్డు. మాకందరికీ చదువొచ్చు కాబట్టి మేమెవరం బోర్డు వైపు చూడం. ఆవిడకి చదువు రాదు, మూడు నెలలుగా దానికెదురుగా కూర్చుంటోంది, చూసింది. దగ్గరికెళ్ళి భూతద్దం పెట్టాను. నిజమే. ముప్పయ్యేళ్ళుగా వానజల్లు కొడుతున్న చెక్క చట్రం, ఎడమవైపు కింది మూల, అంగుళం మేర బూడిద కలిసిన ఆకుపచ్చ రేకులు. రోలు మీదిది కాదు, దాని చుట్టం.

చెయ్యి దానంతటది నోటుబుక్కు తీసి రాసేసింది. మాణిక్యాంబ గారు నా భుజం మీదుగా చదివారు. తన గదిలోకి వెళ్ళి మాన్యువల్ తెరిచి, ఒకచోట పాత బస్సు టిక్కెట్టు పెట్టుకున్నారు.

సోమవారం మధ్యాహ్నం డైరెక్టరు గారు నోటుబుక్కు చదివి కుర్చీలోంచి లేచారు. "ఐదువందలు! అదీ మన వరండాలోనే!" బయటికొచ్చి దగ్గరుండి బోర్డు దింపించారు. "జాగ్రత్త, జాగ్రత్త. యథాతథముగా, సంపూర్ణముగా. అంటిపెట్టుకుని ఉన్నదేదీ కదలకూడదు. పిన్ను కూడా!" బోర్డుని ఖాకీ కాగితంలో చుట్టి, దారం కట్టి, 500 అని నంబరు వేసి, సేకరించినవారు సన్యాసమ్మ అని చీటీ రాసి, గదిలో పెట్టి తాళం వేశారు. చప్పట్లు కూడా కొట్టాం.

మాణిక్యాంబ గారు గడియారం చూసుకున్నారు. "సార్, మూడూ ఇరవై నుంచి మీ సర్క్యులర్ అమల్లో లేదండి."

"అదేమిటి?"

"బోర్డు మీద జనానికి కనబడుతున్నంతసేపే అమలండి. తొమ్మిదో నియమం. ఇప్పుడది పొట్లంలో ఉంది."

"అయితే సర్క్యులర్ తీసి గోడకి అంటించండి."

"గోడ బోర్డు కాదండి."

"కొత్త బోర్డు కొనండి!"

"టెండరు నోటీసు పదిహేను రోజులు నోటీసు బోర్డు మీద ఉంచాలండి. ముప్పయ్యొకటో నియమం."

డైరెక్టరు గారు జేబులోంచి తాళంచెవి తీశారు. "అలా అయితే ఆ బోర్డే తీసుకొచ్చి మళ్ళీ తగిలించండి."

"తగిలించవచ్చండి. తగిలించగానే సర్క్యులర్ అమల్లోకి వస్తుంది. రాగానే బోర్డు దాఖలు కావలసిన నమూనా అవుతుంది. లోపలికి తీసుకెళ్ళాలి."

"తీసుకెళితే?"

"అమల్లో ఉండదండి."

ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. మాణిక్యాంబ గారు కళ్ళజోడు పైనుంచి నా వైపు తిరిగారు. "ప్రస్తుతానికి టైము మూడూ ఇరవై ఎనిమిది. ఉలి వాడటానికి గాని, రోలు కదపడానికి గాని ఎవరికీ ఏ నిషేధమూ లేదు. ఇది ఎంతసేపుంటుందో నేను హామీ ఇవ్వలేను."

నేను పరుగెత్తాను.

సన్యాసమ్మ వరండాలో రోలు కడుగుతోంది. మూడు నెలలుగా సొరుగులో పడి ఉన్న ఉలి తెచ్చి, మచ్చ అంచున పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టాను. గోరంత పెచ్చు ఊడి అరచేతిలో పడింది. దాన్ని ఖాకీ కాగితంలో పెట్టి, నాలుగు మడతలు వేసి, 418 అని రాసి జేబులో వేసుకున్నాను.

ఆవిడ నా జేబు వైపు చూసింది, రోలు వైపు చూసింది.

"ఇంతేనేటి?"

"ఇంతే."

"ఈ గోరంత పెచ్చుకేనేటి బాబూ, మూడు నెల్లు నన్ను కొండెక్కించినావు?"

సిగ్గేసింది. మొదటి రోజు పాక దగ్గరే ఈ పని చేసి ఉండవలసింది. అప్పుడు ఉలి నా సంచీలోనే ఉంది. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం లేక, "లారీ ఉందేమో చూస్తాను" అన్నాను.

ఉంది. కిలోమీటరు రాయి చదువుకోవడానికి వచ్చిన డ్రైవరూ క్లీనరూ హాల్లో నిలబడి ఆరు కిలోమీటర్ల గురించి మాట్లాడుకుంటున్నారు. మబ్బులమెట్ట ఇదేనని వాళ్ళకి చెప్పాను. ఆ ఆనందంలో ఇద్దరూ నాతో పాటు చెయ్యేసి రోలుని లారీ ఎక్కించారు. సన్యాసమ్మ పొత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. మెడలో కార్డు తీసి నా చేతికిచ్చింది.

లారీ గేటు దాటుతుండగా అటెండరు బోర్డు మోసుకొచ్చి మళ్ళీ గోడకి తగిలించాడు. మూడూ యాభై రెండు అని రాసుకున్నారు మాణిక్యాంబ గారు. రిజిస్టరు తెరిచి చూశారు, 418 దగ్గర నేను జేబులోంచి తీసి పెట్టిన పొట్లం ఉంది. సంతకం పెట్టారు. ఆ తరవాత అటెండరు బోర్డు దింపి లోపలికి తీసుకెళ్ళాడు.

ఇప్పటికీ అది లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. ఈ తిరుగుడు ఆపడానికి డైరెక్టరు గారు ఒక సర్క్యులర్ రాసి సిద్ధంగా పెట్టుకున్నారు. అది ఎక్కడ అంటించాలో తేలాలి.

రోలు పాత గోతిలో పాతిన నాలుగో రోజు నేను పాక దగ్గరికి వెళ్ళాను. అంతకుముందు వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆరు గంటల బస్సు వచ్చింది. మలుపులో కొంచెం నెమ్మదించింది. డ్రైవరు తల బయటికి పెట్టి, రోలు కనబడగానే బ్రేకు వేశాడు. జనం దిగారు. సన్యాసమ్మ నాకు ఆకులో రెండు గారెలూ చట్నీ వేసి ఇచ్చింది.

పాక ముందున్న రాతి మెట్టు మీద కూర్చున్నాను. కాలి పక్కన చూద్దును కదా, మెట్టు అంచున నిమ్మపండు రంగు మచ్చ ఒకటి. చిన్నది, అంచులు ముడతలు పడి, మధ్యలో నల్ల చుక్కలు. ఈ రంగు ఈ ఎత్తులో నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"తిండానికొచ్చినావేటి బాబూ, రాయడానికొచ్చినావేటి?"

తలెత్తితే సన్యాసమ్మ గరిటె పట్టుకుని నా జేబు వైపే చూస్తోంది.

"తినడానికే" అన్నాను. మచ్చ మీద కాలు పెట్టి కూర్చుని, ఇంకో రెండు గారెలు వెయ్యమన్నాను.